ఫారం అడుగున ఒక గీత

నా ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను రాసినవాటిలో జనం తుచ తప్పకుండా పాటించింది ఒక్కటే ఉంది. అది ఒక గీత. ఆ గీత కింద నాలుగు మాటలు. ఆ గీత అక్కడ ఉండకూడదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి అనుభవాలు చెప్పమంటారు. శాలువా కప్పేటప్పుడు చెప్పుకునే అనుభవాలు వేరే ఉన్నాయి. అవి రిటైరైన ప్రతివాడి దగ్గరా ఉంటాయి, ఎవరినడిగినా చెబుతారు. ఈ గీత మాత్రం నా సొంతం. అందుకే మీకు చెబుతున్నాను.

నేను కుటుంబ నియంత్రణ శాఖలో ప్రచారోద్యోగం చేసేవాణ్ణి. బి.ఏ. ఎకనామిక్స్ చదివాను. ఊరూరా తిరిగి ఎర్ర త్రికోణం బొమ్మ చూపించి, పెళ్ళయిన మగవాళ్ళతో వాళ్ళు వినడానికి ఇష్టపడని సంగతులు మాట్లాడటం నా పని. అరవైల చివర్లో నన్ను రేపల్లెలో వేశారు. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. మరి నీకేం తెలుసని చెబుతున్నావని జనం అడిగే ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంతోనే మొదటి రెండేళ్ళూ గడిచాయి.

ఆ రోజుల్లో గర్భం తీయించుకోవడం నేరం. తీసినవాళ్ళకీ జైలే, తీయించుకున్నవాళ్ళకీ జైలే. అంతమాత్రాన ఎవరూ తీయించుకోలేదని కాదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఆసుపత్రికి వచ్చి, "కాలు జారి పడ్డానండి" అనేవారు. రేపల్లె తాలూకాలో నేల అంత నున్నగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. జారిపడ్డవాళ్ళలో కొందరు ఇంటికి వెళ్ళేవారు, కొందరు వెళ్ళేవారు కాదు. రిజిస్టరులో మాత్రం అందరికీ జ్వరమే.

చివరికి చట్టం వచ్చింది. డెబ్బై రెండులో అమలైంది. అది అర్థం కాని చట్టమేమీ కాదు. తల్లి ప్రాణానికో ఆరోగ్యానికో ప్రమాదమని డాక్టరు నమ్మితే తీయవచ్చు. పన్నెండు వారాల లోపయితే ఒక్క డాక్టరు మాట చాలు, దాటితే ఇద్దరు కావాలి. ఆ మనిషి సమ్మతి ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లయితేనో, మతిస్థిమితం లేని మనిషయితేనో సంరక్షకుడి సమ్మతి తీసుకోవాలి. మిగతావాళ్ళందరికీ ఎవరి సంతకం వాళ్ళదే.

మా ప్రాంతపు ప్రచారానికంతటికీ తెనాలిలో ఒక అధికారి ఉండేవారు. సమ్మతి ఫారం ఇంగ్లీషులో వస్తే, నన్ను పిలిచి తెలుగు చేయమన్నారు. తెనాలిలో ఒక ప్రెస్సులో కూర్చుని ఒక మధ్యాహ్నంలో పూర్తి చేశాను. మా కుటుంబ నియంత్రణ ఆపరేషను ఫారం ఒకటి నమూనాగా పక్కన పెట్టుకున్నాను. అందులో అడుగున భార్యాభర్తల్లో రెండోవారి సంతకానికి చోటు ఉండేది. చేయి అలవాటు పడి ఉంది. ఇక్కడా అడుగున ఒక గీత వేసి, కింద "భర్త లేక సంరక్షకుని సంతకం" అని రాశాను. ఎవరూ రాయమనలేదు. నాకో సిద్ధాంతం ఉండి రాసిందీ కాదు. కాగితం అడుగున ఖాళీ కనపడింది. ఖాళీ కనపడితే అది మగవాడి సంతకానికేనని నాకు అనిపించింది. అంతకుమించి అందులో ఆలోచన లేదు.

మా అధికారి చదివి, ఫారం నిండుగా ఉందని మెచ్చుకున్నారు. ఎప్పటికీ తరగనన్ని కాపీలు వేయించి ఆసుపత్రులన్నిటికీ పంపారు. ఆ విధంగా నేను ఒక్క గీతతో మా ప్రాంతపు ఆడవాళ్ళందరినీ మైనర్లనో మతిలేనివాళ్ళనో చేసేశాను. పార్లమెంటుకు ఏళ్ళు పట్టిన పనిని ఒక మధ్యాహ్నంలో తిరగరాసినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

కొన్ని నెలల తరవాత దాయిలకు, అంటే మంత్రసానులకు, క్లాసు చెప్పడానికి ఇంగ్లీషు రూల్సు తిరగేస్తుంటే నా పొరపాటు నాకు కనపడింది. పరుగెత్తుకుంటూ తెనాలి వెళ్ళాను. మా అధికారి అంతా శాంతంగా విన్నారు. ఆయన ఏదైనా శాంతంగానే వినేవారు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. ఆ గీత కొట్టేద్దామండి అన్నాను. ప్రభుత్వ ఫారంలో కొట్టివేతలు ఉండకూడదన్నారు. ఆ చోటు నింపక్కర్లేదని ఒక సర్క్యులర్ పంపుదామండి అన్నాను. నింపక్కర్లేని చోటు ఎందుకు పెట్టారని పైవాళ్ళు అడిగితే ఏం చెబుతావన్నారు. కొత్తది అచ్చు వేద్దామండి అన్నాను. ఉన్న స్టాకు అయిపోనీ అన్నారు.

స్టాకు అయిపోదు. భర్త సంతకం అడుగుతున్నారని వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి ఫారాలు ఖర్చు కావడం లేదు. ఈ లెక్క నేను ఆయనకు బల్ల మీద వేలితో రాసి చూపించాను. ఆయన తల ఊపి, "ఎలాగూ భర్త సంతకం ఉంటే మంచిదేగా, నష్టమేంటి?" అన్నారు.

నష్టం సంగతి అలా ఉంచి, జనం తమ ఉపాయం తాము చూసుకున్నారు. తెనాలిలో ఒక ఆసుపత్రి గేటు దగ్గర ఒక జట్కా అతను ఉండేవాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. భర్త దూరాన ఉన్నవాళ్ళకూ, ఉన్నా రానివాళ్ళకూ అతనే లోపలికి వచ్చి ఆ గీత మీద సంతకం పెట్టేవాడు. "కాగితం మీదేనమ్మా, ఏమీ అనుకోకు" అని ప్రతిసారీ ముందే చెప్పేవాడట. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఫారాలన్నీ వరసగా తిరగేసి, పదకొండు మంది ఆడవాళ్ళకు ఒకే భర్త ఉన్నాడని కనిపెట్టాడు. ఆ ఫారాలు గోప్యంగా ఉంచాలని చట్టం చెబుతుంది, అది వేరే సంగతి. గీత తప్పని ఆయనకు తోచలేదు. ఇంతమందిని పెళ్ళాడినందుకు జట్కా అతని మీద కేసు పెట్టవచ్చా అని అడిగి వెళ్ళాడు.

ఇదంతా నేను నవ్వుతూ చెప్పుకు తిరిగేవాణ్ణి. నాకు హాస్యం తెలుసని పేరు. రేపల్లెకు ఆ అత్తాకోడళ్ళు వచ్చేదాకా ఆ పేరు బాగానే నడిచింది.

కృష్ణ ఒడ్డున లంక ఊరి నుంచి వచ్చారు. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. కోడలికి ఇరవై ఆరేళ్ళు, ముగ్గురు పిల్లలు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మూడో కాన్పప్పుడే గుండె బాగోలేదనీ, ఇంకొకటి తట్టుకోలేదనీ డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు పదో వారం. భర్త ముఠాతో కలిసి సాగరు కాలవ మట్టిపనికి వెళ్ళి ఉన్నాడు. పని ఎక్కడ ఉంటే గుడారాలు అక్కడికి కదులుతాయి. ఈ సంగతి తెలియకముందే వెళ్ళాడు.

రేపల్లెలో డాక్టరమ్మ కొత్తగా చేరిన అమ్మాయి. మంచిది, భయస్తురాలు. కోడల్ని పరీక్ష చేసి, తప్పకుండా తీయాల్సిందేనని చెప్పింది. తరవాత ఫారం తీసింది. తరవాత గీత చూపించింది. నేను అక్కడే ఉన్నాను. చట్టంలో ఇది లేదు డాక్టరుగారూ, అన్నాను. "మరి మీ శాఖ పంపిన ఫారంలో ఉందిగా సార్. ఈమెకు గుండె జబ్బు. రేపు బల్ల మీద ఏమైనా అయితే నన్ను చట్టం అడుగుతారా, ఫారం అడుగుతారా?" అంది. ఆ ఫారం రాసిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడని ఆమెకు తెలియదు. ఆ మనిషి కూడా చెప్పలేదు.

అత్త అరవై దాటిన మనిషి. నల్లగా, నిటారుగా ఉండేది. ఫారం చేతిలోకి తీసుకుని తలకిందులుగా చూసింది.

"యాడ పెట్టాల తల్లీ, నేను పెడతా యేలిముద్ర."

"నువ్వు కాదమ్మా. మీ అబ్బాయి పెట్టాలి."

"ఆడి యేలు నేను కన్నదేగా."

డాక్టరమ్మ తల దించుకుంది. ముసలమ్మ పరాచికానికి అనలేదు. నిజంగానే అది సరిపోతుందనుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే నాకూ సరిపోతుందనే అనిపిస్తుంది.

నేను ఆ భర్తకు కార్డు రాశాను. ఇంకో కార్డు రాశాను. కాలవ పనుల ఆఫీసుకు టెలిగ్రాం ఇచ్చాను. ఆ ముఠా ముందుకు వెళ్ళిపోయిందని జవాబు వచ్చింది. ఎంత ముందుకో రాయలేదు. పదకొండో వారం వెళ్ళిపోయింది. పన్నెండు దాటితే ఇద్దరు డాక్టర్లు కావాలి, రేపల్లెలో ఆ పని చేయగలిగింది ఆ డాక్టరమ్మ ఒక్కతే. పైగా ఆ గుండెకు ఆలస్యమైన కొద్దీ ప్రమాదం. గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్దామంటే అక్కడా నా ఫారమే. నా సాహిత్యం అంత దూరం పాకింది.

మంగళవారంతో పన్నెండు వారాలు నిండుతాయనగా, ఆదివారం ఉదయం వాళ్ళిద్దరినీ రైలెక్కించి తెనాలి తీసుకెళ్ళాను. మా అధికారి చేత రెండు ముక్కలు రాయించుకుంటే రేపల్లె డాక్టరమ్మకు ధైర్యం వస్తుందని నా ఆశ. ఆయన ఇంట్లో లేరు, సభలో ఉన్నారని చెప్పారు. వెళ్ళి చూస్తే హాలు నిండా జనం. తెనాలిలో ఏ సభకైనా జనం వస్తారు, నచ్చకపోతే గట్టిగా చెప్పి వెళ్తారు. వేదిక మీద గుడ్డ కట్టి ఉంది: "గర్భస్రావ చట్టం అవసరమా, అనర్థమా?" చట్టం అమలై అప్పటికి ఏడాది దాటింది. అధ్యక్షులు మా అధికారే.

ముగ్గురమూ వెనక బెంచీ మీద కూర్చున్నాం. ఒక ప్లీడరుగారు స్త్రీ స్వేచ్ఛ గురించి అద్భుతంగా మాట్లాడారు. ఇంటికి చుట్టాలు రావడంతో తన భార్య సభకు రాలేకపోయిందని మొదట్లోనే చెప్పారు. ఒక పండితుడుగారు లేచి ఇది మహాపాపమన్నారు. ఒక పాస్టరుగారు లేచి పండితుడుగారు చెప్పింది నిజమన్నారు. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం చూసి సభ ఆశ్చర్యపోయింది. కాలేజీ లెక్చరరు ఒకాయన జనాభా పెరిగితే బియ్యం ఎలా చాలవో చెప్పారు. పక్క బెంచీల మీద ఆరుగురు టీచరమ్మలు ఉన్నారు. వాళ్ళను రమ్మని ఆర్డరు వచ్చిందట, మాట్లాడమని రాలేదట. నా పక్కన కోడలు గోడకు ఆనుకుని, నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. వేదిక మీద రెండు గంటలుగా మాట్లాడుతున్నది ఆమె గురించేనని ఆమెకు తట్టిందో లేదో నాకు తెలియదు.

సభికుల్లో ఎవరైనా అడగదలిస్తే అడగవచ్చని మా అధికారి అన్నారు. నా పక్కనుంచి ముసలమ్మ లేచింది.

"అయ్యా, ఇందాకట్నుంచీ ఇంటన్నా. ఈ చట్టం వొచ్చిందా, రావాలా?"

"వచ్చిందమ్మా. అమల్లో ఉంది."

"వొస్తే మరి మీరంతా ఏంటి తేలుస్తన్నారు?"

హాలు గొల్లుమంది. మా అధికారికి సభ చేయి జారడం ఇష్టం ఉండదు. చేయెత్తి, గొంతు పెంచి, చట్టం చాలా స్పష్టంగా ఉందనీ, స్త్రీ సమ్మతి ఒక్కటే చాలుననీ, భర్త సంతకం అడిగే అధికారం ఏ ఆసుపత్రికీ లేదనీ చెప్పారు. చప్పట్లు మోగాయి. అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది నేను.

సభ అయ్యాక కాగితం, పెన్ను పట్టుకుని వేదిక ఎక్కాను. ఇప్పుడు చెప్పిన మాటే రెండు వరుసల్లో రాసి సంతకం పెట్టమని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"సభలో చెప్పేది జనం చైతన్యం కోసమయ్యా. రాసిస్తే అది రికార్డు అవుతుంది."

అని, నా భుజం మీద చేయి వేసి, ఆసుపత్రి గేటు దగ్గర ఒక జట్కా అతను ఉంటాడనీ, తనిఖీ గొడవ సద్దుమణిగిందనీ, అతను కాదనడనీ చెవిలో చెప్పారు. ఒక అధికారి నాకు ఇచ్చిన సలహాల్లో అమలు చేయడానికి వీలున్నది అదొక్కటే. నాకు సిగ్గేమీ వేయలేదు. ఇద్దరినీ వెంటబెట్టుకుని నేరుగా గేటు దగ్గరికి వెళ్ళాను. అతను సంగతి విని జట్కా దిగాడు.

అంతవరకూ పెద్దగా నోరు విప్పని కోడలు అప్పుడు మాట్లాడింది.

"వద్దు, అన్నా."

"కాగితం మీదే అమ్మాయ్. రెండు నిమిషాల పని."

"తెలుసు. లేనోళ్ళు పెట్టించుకుంటే అది వాళ్ళ అవసరం, నేనేం అనను. నాకు మొగుడున్నాడు. నేను ఆ బల్ల మీద పోయాననుకో. ఆ కాగితంలో ఎవరి పెళ్ళాన్నయి పోతాను?"

ఆ గీత గురించి నేను వంద మందితో వాదించాను, వందసార్లు నవ్వించాను. బల్ల ఎక్కబోయే మనిషికి అది చివరి కాగితం కావచ్చని నాకెప్పుడూ తట్టలేదు. ముసలమ్మ కోడలి చేయి పట్టుకుంది.

మాట్లాడింది జట్కా అతనే. "ఆయమ్మ చెప్పిందే సబబండి" అని, బాపట్లలో ఒక పెద్ద డాక్టరమ్మ ఉందనీ, తన చెల్లెలికి ఆవిడే పురుడు పోసిందనీ, ఆవిడ కాగితం చూసేముందు మనిషిని చూస్తుందనీ చెప్పాడు. జట్కాలో స్టేషనుకు తీసుకొచ్చి బాపట్ల రైలు ఎక్కించాడు. మూడు తాలూకాల్లో ఆ చట్టం అమలు గురించి పనికొచ్చే సమాచారం ఉన్న మనిషి అతనొక్కడే.

బాపట్లలో ముసలమ్మ చెల్లెలి ఇంట్లో దిగాం. సోమవారం ఉదయం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మకు రిటైరుమెంటు దగ్గర పడింది. కోడల్ని చాలాసేపు పరీక్ష చేసి, ఇక ఒక్కరోజు కూడా ఆగకూడదని చెప్పింది. నర్సు ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను ఇంగ్లీషు రూల్సు తీసి ఆమె ముందు పెట్టి, నా ఉపన్యాసం మొదలుపెట్టాను.

"ఇవి నేను చట్టం వచ్చిన వారంలోనే చదివానయ్యా" అందావిడ. "భర్త సంతకం అక్కర్లేదనే అనుకున్నాను. ఈ ఫారం వచ్చాక అనుమానం పట్టుకుంది. పైన ఎవరో బాగా తెలిసినవాడు రాసి ఉంటాడు, ఏదో కారణం ఉండే ఉంటుంది అనుకున్నాం."

"ఆ రాసింది నేనేనండి."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఏంటి కారణం?"

"అలవాటండి."

ఆవిడ ఫారం అందుకుని అడుగుదాకా చదివింది. తరవాత, ఈ సంగతి ఎక్కడైనా రాసిచ్చావా అని అడిగింది. చాలామందికి చెప్పానండి అన్నాను. రాసిచ్చావా అని మళ్ళీ అడిగింది. లేదండి అన్నాను. ముందురోజు వేదిక మీద మా అధికారిని చూసి మనసులో ఎన్ని అనుకున్నానో అవన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ఇన్నాళ్ళూ నేను చేసింది కూడా అదే కదా, సభలు చిన్నవి, అంతే తేడా.

ఆవిడ ఫారం నా వైపు తిప్పి, ఆ గీత మీద వేలు పెట్టింది. "ఇక్కడే రాయి."

నేను రాశాను. ఈ గీత చట్టంలో లేదు, నా పొరపాటు వల్ల పడింది, దీన్ని నింపనవసరం లేదు. కింద సంతకం, హోదా. సంతకం సరిగ్గా రాలేదు. ఉద్యోగం ఏమవుతుందోనన్న భయంతోనే అలా వచ్చిందని చెప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

పైన ఉన్న చోట కోడలు తన పేరు రాసింది. బడిలో ఐదు దాకా చదివిందట. నా అక్షరాలకన్నా గుండ్రంగా ఉన్నాయి. తరవాత డాక్టరమ్మ ఆమెతో ఒంటరిగా మాట్లాడాలని నన్నూ, ముసలమ్మనూ, నర్సునూ బయటికి పంపి తలుపు వేసింది. వరండాలో ముసలమ్మ గొణిగింది, నన్నెందుకు పొమ్మంది అని. మనందర్నీ పొమ్మందమ్మా అన్నాను. పావుగంట తరవాత తలుపు తీశారు. ఆ మధ్యాహ్నమే పని పూర్తయింది. గుండె కోసమని పది రోజులు అక్కడే ఉంచుకుని పంపారు.

ఆ తరవాత జరగాల్సినవి జరిగాయి. ప్రభుత్వ ఫారం మీద అనధికార వ్యాఖ్యలు రాసినందుకు నాకు మెమో వచ్చింది. వివరణ ఇచ్చాను. వివరణ సంతృప్తికరంగా లేదని ఇంకో మెమో వచ్చింది. నన్ను బాపట్లకు మార్చారు. ఒకటి మాత్రం మంచి జరిగిందనుకున్నాను, ఇంత గొడవయ్యాక ఫారం తిరిగి అచ్చు వేయించక తప్పలేదు. కొత్త ఫారం వచ్చింది. ఆతృతగా కట్ట విప్పాను. గీత అలాగే ఉంది. దాని కింద ఇద్దరు సాక్షుల సంతకాలకు ఇంకో రెండు గీతలు చేర్చారు. నన్ను చేయమనలేదు, ఎవరో నాలాంటివాడే చేశాడు.

వానలు మొదలై కాలవ పనులు ఆగాక, ఒక రోజు బాపట్ల ఆఫీసుకు ఒక మనిషి వచ్చాడు. పొడవాటివాడు, మట్టి రంగు చొక్కా. ఆ ముసలమ్మ పోలిక చూడగానే తెలిసింది. నేను కుర్చీలోంచి లేచాను. తన ఇంటి ఆడమనిషిని తను లేనప్పుడు మూడు ఊళ్ళు తిప్పినందుకు అతను ఏమన్నా పడాల్సిందే కదా అనుకున్నాను.

అతను కూర్చోలేదు. భార్యకు ఒంట్లో నెమ్మదిగా ఉందనీ, పొలానికి కాదుగానీ ఇంట్లో తిరుగుతోందనీ చెప్పాడు. తరవాత కాస్త మొహమాటపడి అడిగాడు.

"నా సంతకం కోసరం రెండు వారాలు తిరిగారంట గదండి?"

"తిరిగాం."

"నాకు సంతకం రాదండి. యేలిముద్రే."

నేను ఏదో అనబోయాను. అతను చెప్పాల్సింది ఇంకా అయిపోలేదు.

"ఒకేళ నేను దొరికుంటే, తీయమంటావా వద్దంటావా అని నన్నడిగేవోళ్ళాండి?"

"అవును."

ఆ మాట అతను అడిగింది నన్ను తప్పు పట్టడానికి కాదు, నిజంగానే అర్థం కాక.

"నాకేం తెలుసండి? నేను ఎనక్కి తిరిగి దాన్నే అడిగేవోణ్ణి."